పదమూడు వరుసలు

మృగశిర కార్తె. రాత్రి కురిసిన వానకు ఆమడగూరు ఎర్రనేల బాగా పదునెక్కింది. చెనిక్కాయ విత్తడానికి ఈ పదును చాలని కొందరు, ఇంకో వాన చూద్దామని కొందరు. మీరు నిలబడిన గెనిమ మీద మాత్రం ఆ చర్చ లేదు. తెగిన గట్టును కట్టుకోవాలని పెద్దాయన పొద్దున్నే గడ్డపార పట్టుకొచ్చాడు. ఇంటర్ చదివే మనవడు ఒక చేత్తో రాళ్లు దొర్లిస్తున్నాడు, ఇంకో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు. తాతలనాటి నుంచి చేలో ఏరిన రాళ్లన్నీ ఈ మూలకు చేరాయి. దక్షిణాన గుట్టల మీద మబ్బు ఇంకా విడలేదు. అటు ఇంకొంచెం పోతే చిక్కబళ్లాపురం జిల్లా, కర్ణాటక.

రాయి కిందికి చూడండి. పైన ఎంత ఎండ కాసినా అక్కడ తడి ఆరలేదు. చెదలు కట్టుకున్న మట్టి గూళ్లు ఉన్నాయి. ఒక తేలు పక్కకు జరిగింది. ఇంకో రాయి పైకి లేవగానే నల్లటి చివర ఒకటి చురుక్కున మెలి తిరిగింది.

"కట్లపాము పిల్ల. ఎనక్కి రా రా, అబ్బోడా," అన్నాడు పెద్దాయన. గడ్డపార అప్పుడే పైకి లేచింది.

"ఒక్క నిమిషం ఆగు, పెద్దాయనా," అన్నారు మీరు. ఆయన ఆగాడు గానీ గడ్డపార దించలేదు.

ఈ ఒక్క నిమిషంలోనే పని అయిపోవాలి. చేతులు మీ దగ్గరే ఉంచుకోండి. పామును పట్టుకోవడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మీకు అనుమతి లేదు, అవసరమూ లేదు. నాలుగడుగుల దూరంలో గొంతుక్కూర్చుని, పిల్లవాడి ఫోను తీసుకుని జూమ్ చేయండి. వీపు ఒకటి, తల పక్కనుంచి ఒకటి, తోక ఒకటి, పొట్ట కనపడితే అది ఒకటి. ఈ నాలుగు ఫొటోలు చాలు. జనం పాము ఫొటో తీస్తే తల మీద ఒకటి తీసి ఊరుకుంటారు. దానితో సగం పాములను ఎవరూ తేల్చలేరు.

పాము పొడవు జానకు మించి రెండు మూడు వేళ్లు. మందం పెన్ను రీఫిల్ అంత. తలకూ మెడకూ తేడా లేదు, ఎక్కడ తల అయిపోయి ఎక్కడ ఒళ్లు మొదలైందో రంగు చెప్తే తప్ప తెలియదు. తల, మెడ నలుపు. ఆ నలుపు మీద పసుపు చుక్కలు. అక్కడినుంచి వీపంతా లేత గోధుమ రంగు, ఒక్కో పొలుసు మీద ఒక్కో చిన్న ముదురు చుక్క. ఆ చుక్కలు వరుస కలిసి సన్నటి గీతలుగా తోక వరకూ పోయాయి. తోక మొదట్లో ఒక నల్లటి పట్టీ, చివర ఇంకొకటి.

ఇది కాటుకు రాలేదు. తలను రాయి సందులోకి దాచుకుని, తోకను చుట్ట చుట్టి పైకెత్తి, దాని అడుగు భాగం మీ వైపు తిప్పింది. తోక అడుగున నీలిబూడిద రంగు, దాని వెనక పొట్ట పగడపు ఎరుపు. గోధుమ రంగు పాములో ఇంత ఎరుపు దాగి ఉందని ఎవరూ అనుకోరు. ఒళ్లంతా మట్టిలో కలిసిపోయే రంగు, ఆపద వస్తే తోక కింద జెండా. శత్రువు చూపు తోక మీదికి పోతే తల దక్కుతుంది.

"సూడు, తోకతో ఎట్ల బెదిరిస్తాండాదో," అన్నాడు పిల్లవాడు.

పెద్దాయన అన్నది కొట్టిపారేసే మాట కాదు. ఈ చేలల్లో కట్లపాము నిజమే, అది రాత్రిళ్లు కింద పడుకున్నవాళ్లను కరవడం నిజమే. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి, తెల్లారేదాకా కాటు సంగతే తెలియకపోవడమూ నిజమే. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఏడాదికి సగటున 58,000 మంది. ఇలాంటి చోట అనుమానం వస్తే గడ్డపార లేవడంలో వింత లేదు. అనుమానాన్ని తీర్చే చూపు ఉంటే చాలు.

ఇక ఒకటొకటిగా కొట్టివేద్దాం.

మొదట గుడ్డిపాము. అదీ ఇంతే సన్నం, ఇలాంటి రాళ్ల కిందే చెదల గుడ్లు, చీమల గుడ్లు తింటూ బతుకుతుంది. కానీ గుడ్డిపాముకు కళ్లు పొలుసు కింద మసకగా కనిపించే రెండు చుక్కలు మాత్రమే, పొట్ట కింద అడ్డంగా సాగిన వెడల్పు పలకలు ఉండవు, చుట్టూ ఒకే తీరు పొలుసులు. మీ ముందున్నదానికి కన్ను చిన్నదైనా కన్నే, పొట్ట కింద పలకలు స్పష్టంగా ఉన్నాయి. గుడ్డిపాము కాదు. పైగా ఈ పాము తిండి గుడ్డిపాములే. అందుకే ఇద్దరిదీ ఒకే రాయి చిరునామా.

తరువాత కట్లపాము పిల్ల. పిల్లగా ఉన్నప్పుడే దాని ఒంటి మీద అడ్డపట్టీలు తెల్లగా తేరుకుని ఉంటాయి. వెన్ను మధ్య వరుసలో పొలుసులు మిగతావాటి కంటే పెద్దవి, ఆరు పలకలవి. ఇక్కడ అడ్డపట్టీ ఒక్కటీ లేదు, వెన్ను మధ్య పొలుసు పక్క పొలుసంతే ఉంది.

ఇక అసలు చిక్కు మూడోది. నల్ల తల, చుక్కల వీపు, సన్నటి ఒళ్లు ఉన్న విషం లేని పాము ఒకటి ఉంది. శాస్త్రంలో సిబినోఫిస్ సబ్‌పంక్టాటస్. ఫ్రెంచివాళ్లు డ్యుమెరిల్, బిబ్రాన్ 1854లో పేరు పెట్టారు. దూరం నుంచి చూస్తే ఇదీ అదీ ఒకటే. రంగు నమ్ముకుంటే ఇక్కడే దెబ్బ తింటారు. తోక చూడండి: దానికి తోక మీద రెండు నల్ల పట్టీలు ఉండవు. పొట్ట చూడండి: దాని పొట్ట పసుపు, ప్రతి పలకకూ రెండు అంచుల్లో నల్ల చుక్క. మీ ముందున్నదాని పొట్ట ఒకే ఎరుపు.

అయినా తోక తెగిన పాము వస్తే? పొట్ట చూపకుండా పాకిపోతే? అప్పుడు లెక్కపెట్టాలి.

ఫోటోను వేళ్లతో పెద్దది చేయండి. ఒంటి నడిమి భాగంలో ఒక చోట ఆగండి. వెన్ను మధ్య పొలుసును పక్కన పెట్టి, అక్కడినుంచి ఏటవాలుగా కిందికి, పొట్ట పలక అంచు దాకా లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... ఆరు. ఏడు లేదు. మళ్లీ ఇంకో చోట మొదలుపెట్టండి. ఆరే. ఈ పక్క ఆరు, ఆ పక్క ఆరు, మధ్యలో ఒకటి. పదమూడు వరుసలు.

ఏడు వచ్చి ఉంటే పదిహేను వరుసలు, కట్లపాముకు మామూలుగా ఉండే లెక్క అది. ఎనిమిది వచ్చి ఉంటే పదిహేడు, అది ఆ విషం లేని నల్ల తల పాము లెక్క. ఒక పక్కన ఆరా, ఏడా, ఎనిమిదా అన్న చోట మూడు పాములు మూడు దారులు పట్టాయి. నా మట్టుకు నాకు రంగుల వర్ణన కంటే ఈ అంకెలో నమ్మకం ఎక్కువ. ఎండకు, వయసుకు, కుబుసానికి రంగు మారుతుంది. పాము పుట్టినప్పుడున్న వరుసలు చచ్చేదాకా ఉంటాయి.

ఇంకో గుర్తు తల పక్కన ఉంది, కానీ అది ఉన్నదాన్ని కాదు, లేనిదాన్ని చూడటం. చాలా పాములకు ముక్కు పొలుసుకూ కంటి ముందు పొలుసుకూ నడుమ ఇంకో చిన్న పొలుసు ఉంటుంది. నాగుపాముకు ఉండదు, కట్లపాముకు ఉండదు. మీ ఫోటోలోనూ లేదు. మిగతా గుర్తులతో కలిపి చూస్తే ఇది ఎలాపిడే కుటుంబం, నాగుపాము చుట్టం. నోటి ముందు భాగంలో కదలని రెండు చిన్న కోరలు, వాటి వెనక విషగ్రంథి. పాము పేరు కాలియోఫిస్ మెలానురస్. పుస్తకాల తెలుగులో పగడపు పాము అంటున్నారు. ఊళ్లో దానికి పేరు వినలేదు మీరు. మనుషుల జోలికి రాని పాముకు ఊరు పేరు పెట్టి ఏం చేసుకుంటుంది?

పెద్దాయన గడ్డపార నేల మీద పెట్టాడు. పాము ఇంకో రాయి కిందికి జారింది. పిల్లవాడు ఆ రాయిని ముట్టలేదు.

ఇప్పుడు ఇదే పామును వెంటబెట్టుకుని 1780ల విశాఖపట్నానికి రండి. అక్కడ ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు ఉన్నాడు. అంతకుముందు సిరియాలో అలెప్పోలో వైద్యం చేసినవాడు, తమ్ముడి వెంట ఇక్కడికి వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతన్ని తన ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా నియమించింది. అతని ముందున్న సమస్య సరిగ్గా ఆమడగూరు పెద్దాయన సమస్యే: ఏది విషపు పామో, ఏది కాదో సామాన్యుడు గుర్తుపట్టేది ఎలా?

ఆ కాలానికి లెక్క అంటే, జీవులకు శాస్త్రీయ నామాల పద్ధతి పెట్టిన లినేయస్ లెక్క. పొట్ట కింద పలకలు ఎన్ని, తోక కింద పొలుసులు ఎన్ని అని లెక్కపెట్టి పామును గుర్తించమన్నాడు ఆయన. రస్సెల్ కూడా ప్రతి పాముకూ ఆ రెండు అంకెలు రాశాడు. కానీ అవి విషం సంగతి చెప్పవు. అందుకని పళ్లు చూశాడు. కోళ్లను, కుక్కలను పాములతో కరిపించి ఏమవుతుందో గమనించాడు. ఈనాడు చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది, కానీ ఆనాడు ఇంకో దారి లేదు. పామును తెచ్చినవాళ్లు చెప్పిన తెలుగు పేరునూ ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే దింపాడు. ఇప్పుడు రస్సెల్స్ వైపర్ అని తన పేరుతోనే పిలిచే పామును అతను కాటుకరేకుల పొడ అని రాసుకున్నాడు. గుడ్డిపామును రెండు తలల పాము అని రాశాడు. విశాఖ గుడ్డిపాము బొమ్మ ఆధారంగానే 1803లో ఫ్రాన్సులో దోదాఁ అనే శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ జాతిలో మగవి లేవు, ఆడవే మగతోడు లేకుండా గుడ్లు పెడతాయి. అందుకే పూలకుండీల మట్టిలో ఒక్కటి చేరినా చాలు, కొత్త దేశంలో కాపురం పెట్టగలదు. ఇప్పుడు అది అమెరికా దాకా ఉంది.

రస్సెల్ 1789లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. కోరమండల్ తీరం పాముల మీద అతని పుస్తకం మొదటి భాగం, చేత్తో రంగులు వేసిన బొమ్మలతో, 1796లో లండన్‌లో అచ్చయింది. మన పగడపు పాము కూడా ఆ బొమ్మల్లో ఒకటి.

బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ షా ఆ బొమ్మ చూశాడు. పాము బతికుండగా చూడలేదు, ఈ దేశమూ చూడలేదు. 1802లో తోక నలుపు మాట పట్టుకుని మెలానురస్ అన్నాడు, కొలుబర్ అనే ప్రజాతిలో పడేశాడు. అది ఆనాటికి విషం ఉన్నవీ లేనివీ అన్నీ వేసే పెద్ద గోతం. మరుసటి ఏడాది దోదాఁ అదే బొమ్మ చూసి, తోకను వదిలి మూడు మచ్చల మాట పట్టుకుని ట్రైమాక్యులేటా అన్నాడు. అతను దాన్ని పింజర్ల ప్రజాతి వైపెరాలో చేర్చాడు. ఒకే బొమ్మ, రెండు పేర్లు, రెండు కులాలు, రెండూ దానివి కావు. నాగుపాము చుట్టాన్ని ఒకరు జెరిపోతు పక్కనా, ఒకరు పింజరి పక్కనా కూర్చోబెట్టారు.

బొమ్మ చూసి పేరు పెట్టడాన్ని ఇప్పుడు ఎగతాళి చేయడం తేలిక. ఆ బొమ్మలో తలలోపలి కోరలు కనపడవు, ముక్కు పక్కన లేని పొలుసు కనపడదు. వాళ్ల చేతిలో ఉన్నదల్లా రంగు. ఇందాక గడ్డపార ఎత్తిన పెద్దాయన చేతిలోనూ అంతే.

1830ల్లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఆసియా పగడపు పాములకు కాలియోఫిస్ అని వేరే ప్రజాతి కట్టాడు. ఆ శతాబ్దం చివర్లో బౌలెంజర్ బ్రిటిష్ మ్యూజియం జాబితా తయారుచేస్తూ మన పామును ట్రైమాక్యులేటస్ అనే రాశాడు. 1943లో మాల్కం స్మిత్ బ్రిటిష్ ఇండియా జంతుజాలం పుస్తకంలో పాముల సంపుటం రాస్తూ షా పేరుకే పట్టం కట్టాడు. కారణం సూటిగా ఉంది: 1802 అనేది 1803 కంటే ముందు. వర్గీకరణలో అందం, ఒప్పు రెండూ తరువాతి సంగతులు, మొదట తేదీ.

పేరు తేలింది. చుట్టరికం తేలలేదు. కాలియోఫిస్ అన్న కప్పు కింద దక్షిణ భారతం నుంచి చైనా, తైవాన్ దాకా పగడపు పాములన్నీ చేరి ఉన్నాయి. అవన్నీ ఒకే తల్లి సంతతేనా? దీన్ని పట్టుకున్నవాడు కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో పనిచేసిన జోసెఫ్ స్లోవిన్‌స్కీ. బౌండీ, లాసన్ అనే ఇద్దరితో కలిసి పుర్రెలు, కండరాలు, డీఎన్‌ఏ పోల్చి చూశాడు. 2001లో ఫలితం అచ్చయింది. ఉత్తరాన చైనా, హిమాలయ ప్రాంతాల్లో ఉండే పట్టీల పాములు మన పాముకు అంత దగ్గర కావు, అమెరికా పగడపు పాములకు దగ్గర. వాటికి సైనోమైక్రూరస్ అని వేరే ప్రజాతి కట్టారు. మాటికోరా అని విడిగా ఉంచిన ఆగ్నేయాసియా పాములను తెచ్చి కాలియోఫిస్‌లో కలిపారు.

ఆ అమెరికా పగడపు పాములను అక్కడి పిల్లలు ఒక పాటతో గుర్తుపడతారు. ఎరుపు పసుపును తాకితే ప్రాణగండం, ఎరుపు నలుపును తాకితే ఫరవాలేదు అని దాని సారం. ఆ పాట ఫ్లోరిడాలో ఎంత పనికొస్తుందో గానీ ఆమడగూరులో అసలు పనికిరాదు. మన పాము ఒంటి మీద పట్టీలే లేవు, ఎరుపంతా కిందే ఉంది.

ఇప్పుడు అదే 2001 సెప్టెంబరుకు, మయన్మార్ కచిన్ కొండల్లోకి రండి. స్లోవిన్‌స్కీ బృందం అక్కడ పాములను సేకరిస్తోంది. సెప్టెంబరు 11 ఉదయం సహాయకుడు ఒక సంచి చూపించాడు. లోపల చిన్న పాము, అడుగు పొడవు కూడా లేదు, నలుపు తెలుపు పట్టీలు. కట్లపాము వేషం వేసే విషం లేని పాము ఒకటి ఆ అడవుల్లో ఉంది, సంచిలో ఉన్నది అదే అని మాట వచ్చింది. స్లోవిన్‌స్కీ సంచిలో చేయి పెట్టాడు. అది వేషం కాదు, కట్లపామే. వేలికి కాటు కనపడీ కనపడనట్టు ఉంది. ఏం జరగబోతోందో అక్కడున్న అందరికంటే బాగా అతనికే తెలుసు, లక్షణాలు ఒక్కొక్కటిగా ఎలా వస్తాయో తోటివాళ్లకు చెప్పాడు. ఊపిరి ఆగాక బృందం గంటల తరబడి నోటితో ఊపిరి ఊదింది. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. మరునాడు చనిపోయాడు. వయసు 38. విషపు పాముల చుట్టరికాలు అంత లోతుగా తెలిసినవాడు లోకంలో పదిమంది కూడా ఉండరేమో, అలాంటివాడిని ఒక పొరపాటు గుర్తింపు తీసుకుపోయింది. నాలుగేళ్ల తరువాత వియత్నాం నుంచి వర్ణించిన కొత్త కట్లపాముకు బంగారస్ స్లోవిన్‌స్కీ అని పేరు పెట్టారు.

చేయి దగ్గర ఉంచుకోమని మీకు ముందే చెప్పింది అందుకే.

మన పాము కథలోనూ అన్నీ తేలిపోయాయని కాదు. గోవా, మహారాష్ట్ర, కర్ణాటక పడమటి తీరంలో దొరికే ఒక రకాన్ని 2012లో ఎరిక్ స్మిత్, హేమంత్ ఒగాలే, దీపక్, వరద్ గిరి వేరే జాతిగా తేల్చి కాలియోఫిస్ కాస్టో అని పేరు పెట్టారు. అది అంతకాలం ఎవరి కంటా పడలేదంటే వింత కాదు, ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టిలోనే ఉండే ప్రాణి. శ్రీలంకలో ఉన్న మెలానురస్‌ను ఉపజాతిగా విడిగా లెక్కిస్తారు. గుజరాత్ నుంచి కేరళ దాకా ఉన్నదంతా నిజంగా ఒకే జాతా అన్నది రాయలసీమ లాంటి చోట్ల నుంచి సరైన రికార్డులు వచ్చేకొద్దీ తెలుస్తుంది. అందుకే ఫోటోతో పాటు తేదీ, సమయం, ఊరు, నేల రకం, ఏ రాయి కింద అన్నది కూడా రాసిపెట్టుకోండి. పొద్దున ఏడు గంటలు, ఎర్రనేల, చెనిక్కాయ చేను గెనిమ, చెదలు ఉన్న రాయి. చిన్న చిన్న వివరాలే. చెదలను గుడ్డిపాము తింటుంది, గుడ్డిపామును ఇది తింటుంది కాబట్టి, చెదల మాట రాయకపోతే పాము అక్కడ ఎందుకుందో రికార్డులో ఉండదు.

"ఇది కరిస్తే మందు ఉండాదా, సామీ?" పెద్దాయన గడ్డపార మీద చేయి ఆనించి అడిగాడు. ఈ పొద్దుటి నుంచి వినిపించిన ప్రశ్నల్లో బరువైనది ఇదే.

నిజం చెప్పండి. మన ఆస్పత్రుల్లో ఇచ్చే ఇంజెక్షన్ నాలుగు పాముల విషానికి తయారుచేసింది: నాగుపాము, కట్లపాము, కాటుకరేకుల పొడ, చిన్న పింజరి. ఆ విషంలో చాలా భాగం తమిళనాడులో మహాబలిపురం దగ్గర ఇరుళర్ల సహకార సంఘం తీసి ఇస్తుంది. పగడపు పాముకు అందులో చోటు లేదు. దీని నోరు చిన్నది, కోరలు చిన్నవి, వేలి చర్మాన్ని పట్టడమే కష్టం. కరిచిన చోట వాపు, దురద వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అయినా విషపు పామే కాబట్టి తేలిక చేయొద్దు. ఏ పాము కరిచినా కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా పెట్టి, కాటు పడిన సమయం గుర్తుపెట్టుకుని, నేరుగా కదిరికో హిందూపురానికో డాక్టరు దగ్గరికి. పామును చంపి తీసుకుపోవాల్సిన పని లేదు, దూరం నుంచి ఒక ఫోటో ఉంటే మంచిది, లేకున్నా వైద్యం ఆగదు.

"ఫోటోనా," అన్నాడు పెద్దాయన, మనవడి వంక చూసి. "ఒక్క దానికన్నా పనికొచ్చినాది ఆ ఫోను."

మనవడు అప్పటికే ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కింద నాలుగు జవాబులు వచ్చాయి. కట్లపాము పిల్ల అని ఒకరు, గుడ్డిపాము అని ఒకరు, రెండు బొమ్మలు పెట్టి దండం పెట్టినవారు ఒకరు, దగ్గర్లో తల్లి ఉంటుంది జాగ్రత్త అని ఇంకొకరు. పిల్లవాడు ఫోను మీకు ఇచ్చి, మీరే రాయండన్నా అన్నాడు.

కాలియోఫిస్ మెలానురస్, పగడపు పాము, నడిమిట్లో పదమూడు వరుసల పొలుసులు, తోక మీద రెండు నల్ల పట్టీలు, మనుషుల జోలికి రాదు అని టైపు చేసి పంపారు మీరు. రెండు నీలి గీతలు పడ్డాయి. జవాబు వెంటనే వచ్చింది.

"అదంతా సరే అన్నా, సంపినారా లేదా?"